మెల్లగా పోతేనే వచ్చే చప్పుడు

నేను డ్రైవరుగా చేరిన రోజు సేటు నా చేతిలో కారు తాళాలు పెడుతూ ఒక షరతు పెట్టాడు.

"నెల దినాలు టైం ఇస్తున్న. ముందర చక్రాలల్ల టిక్కు టిక్కుమంటది. ఆ సప్పుడు బందు చేస్తివా, నువ్వు నా డ్రైవర్‌వి. చెయ్యకపోతివా, బండి అమ్మేసి బస్సుల తిరుగుత. బండే లేనంక డ్రైవర్ ఎందుకు?"

ఆయనకు సూర్యాపేటలో ధాన్యం దుకాణం, మిర్యాలగూడలో రైసు మిల్లు ఉండేవి. సాగర్ ఎడమ కాలువ నీళ్లు అప్పుడప్పుడే పొలాలకు ఎక్కుతున్నాయి. ఎటు చూసినా వరి, ఏ రోడ్డు పక్కన చూసినా కొత్త మిల్లు. వారానికి మూడుసార్లు మిర్యాలగూడ, ఒకసారి కోదాడ పోయి రావాలి. కారు తెల్లది, పాతది, ఇంజను మాత్రం గట్టిది. ఇంటి ముందు కదిలింది మొదలు బజారు దాటేదాకా ముందు చక్రాల్లో టిక్కు, టిక్కు, టిక్కు. తోటి వ్యాపారులు దుకాణం అరుగుల మీద కూర్చునే అనేవాళ్లు.

"సేటు బండికి గజ్జెలు కట్టిండు. ఇగ హారన్ ఎందుకు?"

సేటు ఆ మాటలకు నవ్వేవాడు కాదు. ఆయన భయం వేరు. నడుస్తూ నడుస్తూ చక్రం ఊడిపోతుందేమో, అమ్మ బండిలో ఉన్నప్పుడే ఊడిపోతుందేమో అని. ఆరు నెలల్లో మూడు గ్యారేజీలు తిప్పాడు. విప్పిన ప్రతి మేస్త్రీ ఏదో ఒకటి బిగించాడు, ఏదో ఒకటి మార్చాడు, చప్పుడు మాత్రం అట్లాగే ఉంది. అందుకే నాకు ఇంకో మాట కూడా చెప్పాడు. "చక్రం నువ్వు ముట్టొద్దు. ఇది లారీ కాదు. ఏమున్నా మేస్త్రీతోని చేపిచ్చు."

ఆ ఉద్యోగం నాకెంత అవసరమో సేటుకు తెలియదు. అంతకుముందు నాలుగేళ్లు నేను హైదరాబాదు, బెజవాడ రోడ్డు మీద లారీ నడిపాను. కోదాడ చర్చిలో సంఘపెద్ద ఒకాయన ఉన్నాడు. ఆయన కూతురితో నాకు సంబంధం మాట్లాడటానికి మా పాస్టరుగారు వెళ్తే, ఆయన నన్నే పిలిపించుకుని నేరుగా చెప్పాడు.

"నీ మీద నాకేం కోపం లేదబ్బాయ్. లారీ డ్రైవరు ఆదివారం నాడు ఏ ఊళ్లో ఉంటాడో వాడికే తెలీదు. మా పిల్ల ఒక్కతే గుడికొచ్చి కూర్చోవాలా? ఆదివారం ఆరాధనలో కనబడే పని ఏదైనా చూసుకో. అప్పుడు మాట్లాడుకుందాం."

ఆయన అన్నది తప్పనిపించలేదు. నేను సంఘంలో పుట్టి పెరిగినవాణ్ని. అక్షరాలు నేర్చుకున్నదే వాక్యం చదవడానికి. పన్నెండేళ్ల వయసు నుంచి ఆరాధనలో కీర్తనలకు తాళాలు వేసింది నేనే. లారీ ఎక్కిన ఆ నాలుగేళ్లూ ఎన్ని ఆదివారాలు ఏ చెక్‌పోస్టు దగ్గరో, ఏ గోడౌను ముందో కూర్చుని పోగొట్టుకున్నానో నాకు తెలుసు. సేటు దగ్గర అడిగితే "ఆదివారం మీ గుడికి పోతనంటవా? పో. నెల దాటినంక సంగతి గద" అన్నాడు. కాబట్టి నా పెళ్లి, నా ఆదివారాలు అన్నీ ఆ టిక్కు టిక్కు మీదే ఆగి ఉన్నాయి.

సేటు తల్లిని అందరూ పెద్దమ్మ అనేవాళ్లం. డెబ్బై దాటిన మనిషి, చెవులు బాగా మందం, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. మొదటిసారి ఆమెను ఎక్కించుకున్నప్పుడు నా అలవాటు ప్రకారం స్టీరింగు మీద తల ఆనించి ప్రార్థన చేసుకుంటున్నాను. వెనకనుంచి భుజం మీద ఒక దెబ్బ పడింది.

"ఏం పిలగా, ఎక్కంగనే నిద్రపోతున్నవ్?"

"నిద్ర కాదు పెద్దమ్మా, ప్రార్థన చేసుకుంటున్న" అని గట్టిగా చెప్పాను.

"ఎవరి కోసం?"

"మీ కోసమే. బండి కోసం."

"అట్లయితే జర గట్టిగ చెయ్. నాకు ఇనబడాలె."

ఆ రోజునుంచి ఆమె ఎక్కినప్పుడల్లా బయటికి వినబడేటట్టు ప్రార్థన చేసేవాణ్ని. ఆమె చివర్లో "ఆఁ, ఇగ పోనియ్" అనేది. మా సంఘంలో ఆమేన్ చెప్పేవాళ్లెవరూ అంత శ్రద్ధగా కాచుకుని చెప్పేవాళ్లు కారు.

లారీ మీద నేను నేర్చుకున్న మంచి విషయం ఒకటుంది. చప్పుడు వినబడగానే విప్పడం మొదలుపెట్టకూడదు. అది ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అని ముందు తెలుసుకోవాలి. మొదటి రోజే టైర్ల గాడుల్లో ఇరుక్కున్న రాళ్లు స్క్రూడ్రైవర్‌తో తీశాను. రెండు రాళ్లు వచ్చాయి కానీ చప్పుడు పోలేదు. మరునాడు మిర్యాలగూడ పోయేటప్పుడు రోడ్డు ఖాళీగా ఉన్నచోట బండిని కుడికీ ఎడమకీ పాములా తిప్పాను.

వెనక సీట్లోంచి సేటు, "ఏందయ్యా, కల్లు తాగినవా?" అన్నాడు.

"నేను తాగను సేటు. మలుపులల్ల సప్పుడు పెరుగుతదా అని సూస్తున్న."

"పెరిగిందా?"

"లేదు సేటు."

"నా బీపీ పెరిగింది. సక్కగ నడుపు."

బ్రేకు తొక్కి చూశాను, న్యూట్రల్‌లో వదిలి చూశాను. దేనితోనూ మారలేదు. చక్రం తిరిగినంతసేపు కొడుతుంది, చక్రం ఆగితే ఆగుతుంది, అంతే. ఇంజనుతో సంబంధం లేదు, బ్రేకుతో లేదు. పెన్‌పహాడ్ దాటాక నాకు ఏం చేయాలో తోచక, కళ్లు రోడ్డు మీదే ఉంచి మనసులో ప్రార్థన మొదలుపెట్టాను. ప్రభువా, ఈ చప్పుడు తీసెయ్యి, నాకు నా ఆదివారాలు ఇయ్యి అని. రోడ్డు బాగుంది, కాలు ఆక్సిలేటర్ మీద బరువుగా పడింది. ఐదు నిమిషాలు గడిచాక గమనించాను. చప్పుడు లేదు. చెవి బయటికి పెట్టి విన్నాను. గాలి తప్ప ఏమీ లేదు.

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రమే సూర్యాపేటలో ప్రార్థన కూడిక ఉంటే లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. మరునాడు పొద్దున బండి తీసి, బజారు మలుపు దగ్గర గొర్రెల మంద అడ్డం వస్తే మెల్లగా దాని వెనక పోతున్నాను. టిక్కు. టిక్కు. టిక్కు. గొర్రెల కాపరి వెనక్కి తిరిగి చూసి, "నీ బండి నా పొట్టేళ్ల లెక్క కొమ్ములు కొట్టుకుంటుంది గదన్నా" అన్నాడు.

తరువాతి కూడికలో మళ్లీ లేచి నిజం చెప్పాల్సి వచ్చింది. స్త్రీల వైపు ముందు కూర్చునే ఒక అవ్వ, నేను పుట్టినప్పటినుంచి నన్ను ఎరిగిన మనిషి, చాప మీంచి లేవకుండానే అన్నది, "ఏం పర్వలేదు బిడ్డా. నీ సాక్ష్యం గొర్రెల కాడ ఆగింది. మల్ల నడుస్తది."

ఆమె ఆ మాట అన్నాక ఆ రాత్రంతా ఆలోచించాను. ప్రార్థనకు జవాబు నిజంగానే వచ్చింది, నేనే సరిగా వినలేదు అనిపించింది. వేగంగా పోతే ఆగుతుంది, మెల్లగా పోతే వస్తుంది. అరిగిన బేరింగు అట్లా చేయదు, వేగం పెరిగేకొద్దీ ఇంకా ఏడుస్తుంది. ఏదో వదులుగా ఉన్న వస్తువు చక్రంతో పైకి వెళ్లి కింద పడుతోంది. వేగం పెరిగితే పడటానికి సందు లేక అంచుకు అతుక్కుపోతోంది.

ఇంకొకటి కూడా తెలిసింది. మిల్లు ఆవరణలో ఒక హమాలీని బతిమాలి ముందు చక్రం పక్కన నడవమన్నాను. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు.

"గీడ గూడ వస్తుంది, గాడ గూడ వస్తుంది" అన్నాడు అతను. "రెండు దిక్కులా ఒక్కతీరుగనే కొడుతున్నయ్. భజన లెక్క ఉన్నది."

రెండు చక్రాలు ఒకే రోజు, ఒకే తీరుగా చెడిపోవడం నేనెక్కడా చూడలేదు.

ఆ వారం కోదాడ వెళ్లినప్పుడు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉండే మేస్త్రీకి బండి అప్పగించాను. ఆ మూడు గ్యారేజీల్లో అదీ ఒకటి. నేను కనిపెట్టింది చెప్పబోతే ఆయన వినలేదు. "ముందు టీ పట్రావయ్యా" అన్నాడు. నేను టీ తెచ్చేసరికి చక్రాలు విప్పడం, బేరింగులకు గ్రీజు పెట్టడం, మళ్లీ బిగించడం కూడా అయిపోయాయి. చక్రం మధ్యన మెరిసే గిన్నెలాంటి వీల్ కప్పును అరచేత్తో తట్టి కూర్చోబెడుతున్నాడు.

"పోయిందా?" అని అడిగాను.

"గ్రీజు ఎండిపోయింది, పెట్టాను. నా పని నేను చేశాను." టీ గ్లాసు అందుకుని నావైపు ఒకలా చూశాడు. "మీ సేటుగారింట్లో పెద్దవాళ్లున్నారా?"

"వాళ్లమ్మ ఉన్నది."

"మరింకేం. ఇక నన్నడక్కు."

ఆ మాట నాకు అర్థం కాలేదు. అక్కడినుంచి సంఘపెద్ద ఉండే సందులోకి బండి తిప్పాను. ఇరుకు సందు, మెల్లగానే పోవాలి. టిక్కు టిక్కుమంటూ పోతుంటే, ఎప్పటిలాగే ఆయన ఇంటి ముందు తడక వెనక గాజుల చప్పుడు, పరుగెత్తే అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు. ఆ అమ్మాయిని నేను ఇంకా సరిగా చూడలేదు. బండి మలుపు తిరగకముందే ఆమెకు తెలిసిపోయేది. నేను చూసిందల్లా కదులుతున్న తలుపు తెర.

సంఘపెద్ద అరుగు మీదే ఉన్నాడు. "ఇంకా తాళం వేస్తూనే ఉందే నీ బండి" అన్నాడు. లోపల ఎవరో నవ్వారు.

"ఇంక పది రోజులున్నయండి."

"ప్రార్థన చేస్తున్నాంలే. నీ పని నువ్వు కూడా చెయ్."

ఆ పది రోజుల్లో ఎనిమిది గడిచాయి. శనివారం మధ్యాహ్నం సేటు భోజనం చేసి చేతులు కడుక్కుంటుంటే వెళ్లి అడిగాను. "ఒక్కసారి నన్ను విప్పనియ్యండి సేటు. సోమవారంతోని నెల అయితది."

"ఏమన్న చేసుకో పో. ఇప్పటిదాక విప్పినోళ్లు ఏం పీకిండ్రు?" అన్నాడు.

షెడ్డులో జాకీ పెట్టి కుడి చక్రం లేపాను. విప్పకముందే చేత్తో మెల్లగా తిప్పాను. ఒక్కో చుట్టుకు ఒక్కో టిక్కు, నేను ఎంత మెల్లగా తిప్పితే అంత మెల్లగా. చెవి కప్పుకు ఆనించాను. చప్పుడు బేరింగులో కాదు, కప్పులోనే. స్క్రూడ్రైవర్ కొనతో కప్పు లేపి బోర్లా పట్టుకున్నాను. నా అరచేతిలో ఒక వక్క పడింది. పసుపు పూసి కుంకుమ పెట్టిన నిండు వక్క. ఎడమ చక్రం కప్పులో కూడా అట్లాంటిదే ఇంకొకటి.

నవ్వు ఆపుకోలేకపోయాను. కోదాడ మేస్త్రీ చూపు అప్పుడు అర్థమైంది. విప్పిన ప్రతివాడూ దీన్ని చూశాడు. పూజ వక్క, సేటు ఇంటి పెద్దలు పెట్టించింది, మనకెందుకని మళ్లీ భద్రంగా లోపలే పెట్టి, బిగించాల్సింది బిగించి పంపాడు. తీసేశాక ఎక్కడైనా బండి గుద్దితే ఆ మాట ఎవరి మీదికి వస్తుందో వాళ్లకు తెలుసు. సేటుకు తెలిసే ఉంటుందని ప్రతివాడూ అనుకున్నాడు.

అంత నవ్వినవాణ్ని, నేనూ అదే చేశాను. చేతుల గ్రీజు తుడుచుకుని వక్కలను మళ్లీ కప్పుల్లో పెట్టి మూసేశాను. నేను క్రైస్తవుణ్నని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పెద్దమ్మ పూజలో పెట్టినదాన్ని నేను తీసి పారేస్తే, చప్పుడు పోయిందని ఎవరంటారు? ఆమె దేవుణ్ని నేను తోసేశానంటారు. అనకపోయినా ఆమె మనసులో అది ఉంటుంది. పోనీ ఎవరికీ చెప్పకుండా తీసేసి, బాగుచేశానని సేటుకు చెబుదామా అని కూడా ఒక్క నిమిషం ఆలోచించాను. ఆ ఆలోచన రాలేదని అబద్ధమాడను. ఉద్యోగం అక్కడే ఉంది, చెయ్యి చాస్తే అందేటట్టు. కానీ అట్లా దొంగిలించిన ఆదివారంతో ఏ ముఖం పెట్టుకుని ఆరాధనలో కూర్చోను? ఇతరుల సొమ్ము మీద నమ్మకంగా ఉండాలని చిన్నప్పటినుంచి వాక్యంలో చదివినవాణ్ని. ఆ వక్కలు ఆమె సొమ్ము.

మరునాడు ఆరాధనలో రెండుసార్లు తాళం తప్పాను. బయటికి వచ్చాక ఆ అవ్వ నా మోచెయ్యి పట్టుకుని, "నీ తాళం ఇయ్యాల కుంటింది. ఎవరికన్న చెప్పవలసింది చెప్పలేదా?" అంది. చెప్పలేదన్నాను. "మరి ఈడెందుకు నిలబడ్డవ్?" అంది.

సోమవారం పొద్దున పెద్దమ్మ ముంగిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. సేటు లోపల ఉన్నాడు. ఆమెకు ఒక్కదానికే చెప్పాలని దగ్గరగా గొంతు కూర్చుని మెల్లగా మొదలుపెట్టాను.

"ఏందీ?" అంది.

కొంచెం గట్టిగా చెప్పాను.

"నోట్ల నోట్ల ఏం గొణుగుతున్నవ్ పిలగా? పైసలు గావాల్నా?"

ఇంక లాభం లేదనుకుని గొంతెత్తాను. "ముందర చక్రాలల్ల మీ వక్కలున్నయి పెద్దమ్మా. సప్పుడు వాటిదే."

వీధిలో పోతున్న పాలవాడు ఆగిపోయాడు. గోడ అవతలినుంచి పక్కింటామె "వక్కలంట" అని ఎవరికో చెప్పింది. సేటు సగం గడ్డానికి సబ్బు నురగతో బయటికి వచ్చాడు.

"ఉన్నయ్. నేనే పెట్టిచ్చిన" అంది పెద్దమ్మ తాపీగా. "దసరానాడు చక్రాల కింద నిమ్మకాయ పెట్టినం, వక్క పెట్టినం. బండి కదిలితే నిమ్మకాయ నలిగె, వక్క దొర్లిపాయె. చక్రంతోనే ఉండాల్నని పాత డ్రైవర్‌తోని లోపల పెట్టిచ్చిన. అయితే ఏంది?"

సేటు మెట్టు మీద కూలబడ్డాడు. "ఎనుక చక్రాలకు పెట్టలేదా అమ్మా?"

"ముందరివి సక్కగ పోతే ఎనుకవి ఏడికి పోతయ్ రా?"

"మూడు గ్యారేజీలు తిప్పిన గదనే. నాకు చెప్పొద్దా?"

"నన్ను అడిగినవా?"

"నీకు సప్పుడు ఇనబడది గద."

"సప్పుడు ఇనబడకపోతేంది? మాట గట్టిగంటే ఇనబడ్తది గద. ఈ పిలగాడు అన్నడు, ఇనబడ్డది."

తరువాత నావైపు తిరిగింది. చేట పక్కన పెట్టింది. "నువ్వు తీసి పారేసి ఊకుంటే నాకెట్ల తెలుస్తుండె?"

"తెలియదు పెద్దమ్మా."

"మరెందుకు చెప్పినవ్? మీది వేరే దేవుడాయె."

"పెట్టింది మీరు. తీసేది గూడ మీరే ఉండాలె."

ఆమె చీర మీది నూకలు దులుపుకుంది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి షెడ్డువైపు నడిచింది. నేను కప్పులు లేపాను. ఆమె కొంగు పట్టింది. ఒక్కో వక్క కొంగులో పడింది. వాటిని కళ్లకద్దుకుని, లోపలికి వెళ్లి పసుపు గుడ్డ, దూది తెచ్చి మూట కట్టింది. స్టీరింగు పక్కన ఉన్న చిన్న అరలో తన చేత్తోనే పెట్టి మూసింది.

"బండిలనే ఉంటయ్. ఇగ నోరు మూసుకోని ఉంటయ్" అంది.

వెంటనే బజారుకు బయలుదేరాం. సేటు సగం గడ్డంతోనే ముందు సీట్లో కూర్చున్నాడు. ఎద్దుల బండి వెనక ఎద్దుల బండిలాగే పోయాను. దుకాణం అరుగుల మీద వ్యాపారులు బండి దాటిపోయాక తలెత్తి చూశారు.

"పోయిందా?" అని వెనకనుంచి పెద్దమ్మ అడిగింది.

"పోయింది పెద్దమ్మా."

"నాకైతే ఎన్నడూ లేకుండె" అంది.

సేటు నవ్వడం అప్పుడు మొదలుపెట్టాడు. గడ్డం మీద ఎండిన నురగ పొలుసులు రాలేదాకా నవ్వాడు. ఇంటికి చేరాక తాళాలు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "నీ కాడనే పెట్టుకో. ఆదివారం మాత్రం బండి తియ్యకు. ఆ రోజు నీది. ఎవలన్న అడిగితే మా అమ్మ చెప్పిందను."

గురువారం కోదాడ పని పడింది. మేస్త్రీ షెడ్డు ముందు మెల్లగా పోనిచ్చాను. ఆయన పానా కింద పెట్టి చెవి రిక్కించాడు. "తీశావా?" అన్నాడు. "ఆమెనే తీసింది" అన్నాను. "హమ్మయ్య. ఆరు నెలలుగా నా పేరు పోతోందయ్యా దాని మూలంగా" అన్నాడు.

అక్కడినుంచి ఇరుకు సందులోకి తిరిగాను. ఇంజను తప్ప చప్పుడు లేదు, అదీ మెల్లగా. సంఘపెద్ద ఇంటి ముందు బండి ఆపి దిగాను. గాజులు లేవు, అడుగులు లేవు, తలుపు లేదు. తడక పక్కన చాప మీద ఎర్రటి మిరపకాయలు ఆరబోస్తూ ఒక అమ్మాయి వెనుతిరిగి చూసింది. రెండు చేతుల నిండా మిరపకాయలు, నుదుటి మీదికి జారిన జుట్టు, వెనక్కి తోసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"చప్పుడు లేకుండా వచ్చారేంటండి?" అంది.

సంఘం ముందు రెండుసార్లు లేచి సాక్ష్యం చెప్పినవాణ్ని, అప్పుడు ఒక్క మాటే వచ్చింది. "పోయింది" అన్నాను, అంతే.

వాళ్ల నాన్న కండువా సర్దుకుంటూ బయటికి వచ్చాడు. నన్ను చూశాడు, బండిని చూశాడు, ముందు చక్రాన్ని కాలితో మెల్లగా తట్టాడు.

"మరి ఆదివారమో?" అన్నాడు.

"నాదేనండి."

ఆమె మిరపకాయలు చాప మీద మెల్లగా ఒంపింది. లోపలికి వెళ్లలేదు.